తొమ్మిది క్లబ్బులు, డ్రైవర్ లేదు: 35 వేల రూపాయల్లో ఒక కొత్త ఆటగాడికి కిట్ కూర్చిన కేసు

హైదరాబాద్‌లో గోల్ఫ్ నేర్పుతూ, దానితోపాటు క్లబ్ ఫిట్టింగ్ (ఆటగాడికి సరిపోయే క్లబ్బులు, అంటే బంతిని కొట్టే కర్రలు, ఎంచిపెట్టడం) కూడా చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లలో ఎక్కువమంది ముందుగా అడిగేది “ఏ కంపెనీ కిట్ కొనమంటారు?” అని. ఇక్కడ రాస్తున్న కేసులోని ఆటగాడు మాత్రం అలా అడగలేదు. ఆయన భుజాన అప్పటికే ఒక కిట్ ఉంది, అది ఖరీదైనది, పైగా పైసా ఖర్చు లేకుండా వచ్చింది. ఆఫీసులో పైఅధికారి ఒకరు పదవీ విరమణ చేస్తూ తన పాత సెట్టును ప్రేమగా ఆయన చేతిలో పెట్టారు. 3వ నంబర్ ఐరన్ (లోహపు పలక తల ఉన్న క్లబ్) నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి షాట్లకు వాడే ఐరన్) దాకా అన్నీ ఫోర్జ్ చేసిన బ్లేడ్లు, అంటే సాగగొట్టిన లోహంతో చేసిన పలుచని తలలు, షాఫ్టులు (కాడలు) 130 గ్రాముల తరగతికి చెందిన స్టిఫ్, అంటే తక్కువ వంగే, స్టీలువి.

ఆటగాడి వయసు 41. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎత్తు 165 సెంటీమీటర్లు, కుడిచేతివాటం, కాలేజీ రోజుల్లో క్రికెట్ బాగానే ఆడారు. రేంజ్‌లో (సాధన మైదానంలో) మ్యాట్ మీద మూడు నెలలు సాధన చేసి, బంతి బాగానే లేస్తోందన్న నమ్మకంతో కోర్సు మీదికి వెళ్లారు. అక్కడ మొదటి తొమ్మిది హోల్స్‌కు 74 స్ట్రోకులు (ఎంత తక్కువైతే అంత మేలు) కొట్టి, రెండు వారాల పాటు క్లబ్ ముట్టుకోకుండా ఊరుకున్నారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన అన్నమాట ఇది: “సార్, రేంజ్‌లో వచ్చే షాట్ గడ్డి మీద ఒక్కటీ రావట్లేదు. తప్పు నాదా, క్లబ్బులదా? క్లబ్బులదైతే 35 వేలు పెట్టగలను, అంతకు మించి ఇంట్లో ఒప్పుకోరు.”

తప్పు ఇద్దరిదీనని ఆ రోజే చెప్పగలిగేవాణ్ని. కాని ఎవరిది ఎంత అన్నది కొలవకుండా చెప్పడం నాకు నచ్చదు. 35 వేలలో ప్రతి వెయ్యీ ఎక్కడ పెట్టాలో తేల్చేది ఆ లెక్కే.

ముందు కొలతలు

మొదట చేసిన పని ఆయన్ను మ్యాట్ మీదినుంచి గడ్డి మీదికి దింపడం. మ్యాట్ అబద్ధమాడుతుంది. బంతికి రెండంగుళాలు వెనక నేలను తాకినా, కింద గట్టి ఉపరితలం ఉంటుంది కాబట్టి క్లబ్ జారి ముందుకొచ్చి బంతిని లేపేస్తుంది. ఆటగాడికి చప్పుడులో తేడా తెలియదు, బంతి వెళ్లిన దూరంలోనూ పెద్ద తేడా కనబడదు. అదే తప్పు గడ్డి మీద, అందులోనూ వానాకాలంలో మెత్తబడిన నేల మీద చేస్తే క్లబ్ అక్కడే దిగబడుతుంది. మూడు నెలల నమ్మకం ఒక్క పూటలో పోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

7వ నంబర్ ఐరన్ ముఖమంతా వైట్‌బోర్డ్ మార్కర్‌తో నల్లగా పూశాను. బంతి తగిలిన చోట రంగు లేచిపోయి గుండ్రటి మచ్చ పడుతుంది. ప్రతి షాట్‌కూ ఆ మచ్చను ఫొటో తీసి, గడ్డిలో క్లబ్ ఎక్కడ దిగిందో పుల్లతో గుర్తు పెట్టి, మళ్లీ రంగు పూస్తూ ముప్పై బంతులు కొట్టించాను. పని విసుగు పుట్టించేదే గాని, దీనికయ్యే ఖర్చు ఒక మార్కర్ మాత్రమే.

ముప్పైలో 13 బంతులకు ముందే నేల తగిలింది, రేంజ్‌లో దీన్ని ఫ్యాట్ అంటాం. 9 బంతులు ముఖం అడుగు అంచున తగిలి నేలబారుగా పోయాయి, ఇవి థిన్. మిగిలిన 8 మాత్రమే ఓ మాదిరిగా తగిలాయి. ఆ ఎనిమిదిలో ఐదు మధ్యకు కాక హీల్ వైపుకు, అంటే షాఫ్ట్ దగ్గరికి తగిలాయి. నాకు కావలసిన సమాచారం అంతా ఈ లెక్కలోనే ఉంది. ఆయన తప్పులు ప్రధానంగా పైకీ కిందికీ జరుగుతున్నవి, పక్కలకు జరుగుతున్నవి తక్కువ. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ‘ఫర్‌గివింగ్’ అనే మాటను కొంచెం విప్పాలి.

తప్పు కాయడం అంటే

తప్పు కాసే క్లబ్ అని దుకాణాల్లో చెప్పేటప్పుడు ఎక్కువగా చెప్పేది ఒకే గుణం గురించి. బంతి ముఖం మధ్యలో కాక పక్కకు తగిలినప్పుడు క్లబ్ తల మెలితిరగకుండా నిలబడే శక్తి అది. దీన్ని మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అంటారు. కావడి మోసేవాణ్ని చూసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. ఉత్త బద్దను భుజాన పెట్టుకుంటే అటూ ఇటూ సులువుగా తిప్పొచ్చు, రెండు చివరలా నిండు కుండలు వేలాడగానే అదే బద్దను తిప్పడం కష్టమవుతుంది. బరువు పెరగడం ఒక్కటే దీనికి కారణం కాదు, ఆ బరువు మధ్యనుంచి దూరంగా జరగడం అసలు కారణం. బ్లేడ్‌లో లోహం బంతి తగిలే చోటి వెనక పోగుపడి ఉంటుంది. క్యావిటీ బ్యాక్ ఐరన్‌లో వెనక భాగాన్ని తొలిచి, ఆ లోహాన్ని అంచులకు, అడుక్కు పంచుతారు. నార్వేలో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్స్టెన్ సోల్‌హైమ్ 1959లో తన పట్టర్‌ను (బంతిని హోల్‌లోకి దొర్లించే క్లబ్‌ను) హీల్ వైపూ టో (హీల్‌కు అవతలి కొన) వైపూ బరువు ఉండేలా చేసి, కొట్టినప్పుడు వచ్చే చప్పుడును బట్టి పింగ్ అని పేరు పెట్టారు. తరవాత అదే సూత్రాన్ని ఐరన్లకూ పట్టించారు. ఇవాళ మనం కొనే ప్రతి కొత్తవాళ్ల ఐరన్‌లోనూ ఆ ఆలోచనే ఉంది.

కాని ఇది పక్కలకు జరిగే తప్పును కాస్తుంది. మన ఆటగాడి ముప్పైలో 22 బంతుల నష్టానికి దీనితో పెద్దగా సంబంధం లేదు. నేలను ముందు తాకే తప్పును కాసేది క్లబ్ అడుగు, అంటే సోల్. పలుచని సోల్, పదునైన ముందు అంచు ఉన్న బ్లేడ్ పారలా నేలలోకి దిగుతుంది. వెడల్పాటి సోల్ తాపీమేస్త్రి చేతిలోని తాపీలా పైపైన జారుతుంది. ఆయన బ్లేడ్ సోల్‌ను వెర్నియర్ పెట్టి కొలిస్తే 17 మిల్లీమీటర్లు వచ్చింది, నేను పోల్చడానికి తెచ్చిన ఐరన్‌కు 26 ఉంది. అడుగున లోహం ఎక్కువ ఉన్నందువల్ల గరిమనాభి కిందికి దిగి, ముఖం కింది భాగాన తగిలిన థిన్ బంతి కూడా కాస్త లేస్తుంది.

మూడో విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఆశ పెట్టుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ముఖం తెరిచి, క్లబ్‌ను బయటినుంచి లోపలికి లాగితే బంతి కుడికి వంగుతుంది, అదే స్లైస్. బంతి ముఖం మధ్యలోనే తగిలినా ఆ వంపు తప్పదు. ఎంత ఇనర్షియా ఉన్న తలైనా దాన్ని సరిచేయదు. ఈమధ్య డ్రైవర్ల (హోల్ మొదట్లో దూరంగా కొట్టే అతి పొడవైన క్లబ్బుల) మీద కనబడుతున్న ‘10కె’ సంఖ్య గురించి కూడా ఆటగాడు అడిగారు. నిబంధనల ప్రకారం నిట్టనిలువు అక్షం చుట్టూ ఇనర్షియా 5,900 గ్రామ్ చదరపు సెంటీమీటర్లు దాటకూడదు, కొలతలో తేడాకు మరో 100 వదిలిపెడతారు. పదివేలు అన్నది ఆ విలువకు, తల పైకీ కిందికీ ఊగే దిశలోని మరో విలువను కలిపితే వచ్చిన మొత్తం. అబద్ధం కాదు గాని, కొత్తవాడు దాని కోసం అప్పు చేయాల్సినంత విషయమూ కాదు.

పోలిక

రెండో పూట ఇంకో ఐరన్‌తో ముప్పై బంతులు కొట్టించాను. అది సుమారు పదేళ్ల కిందటి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ (తప్పు కాసే రకం) మోడల్, వెడల్పాటి సోల్, కొంచెం ఆఫ్‌సెట్ (ముఖం షాఫ్ట్‌కు కాస్త వెనక ఉండటం), 65 గ్రాముల తరగతి గ్రాఫైట్ రెగ్యులర్ (స్టిఫ్ కంటే ఎక్కువ వంగే) షాఫ్ట్. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బ్లేడ్‌లో 7వ నంబర్ లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం, ఇది తగ్గితే దూరం పెరుగుతుంది) 34 డిగ్రీలు, రెండోదానిలో 30. దాన్నీ దీన్నీ నేరుగా పోల్చి “చూశారా, పది గజాలు పెరిగింది” అనడం అమ్మకందారుల విద్య. అందుకని ఈసారి ఆయన బ్లేడ్లలోంచి 30 డిగ్రీల 6వ నంబర్‌ను తీసి, దానితోనూ ముప్పై కొట్టించి, ఆ రెంటినే పోల్చాను.

బాగా తగిలిన బంతుల దూరం దాదాపు ఒక్కటే, రెంటికీ 120 గజాల చుట్టుపక్కల. రెండో క్లబ్ ఆయనకు దూరం ఇవ్వలేదు. నేలను ముందు తాకిన షాట్ల సంఖ్య కూడా పెద్దగా తగ్గలేదు, బ్లేడ్‌తో 14, దీనితో 12. కాని బ్లేడ్‌తో ఆ ఫ్యాట్ షాట్లు 40 నుంచి 60 గజాల మధ్య పడిపోతే, వెడల్పాటి సోల్‌తో 85 నుంచి 95 దాకా వెళ్లాయి. అంటే తప్పు తగ్గలేదు, జరిమానా తగ్గింది. ఎదుట నీళ్లో బంకరో (ఇసుక గుంట) ఉన్నప్పుడు ఆ ముప్పై, నలభై గజాల తేడా ఒక స్ట్రోక్‌తో ఆగదని ఆడేవాళ్లకు తెలుసు.

గ్రాఫైట్ గురించి ఒకమాట. ఇంట్లో వంటగది తూకం తెచ్చి రెండు 7వ నంబర్ క్లబ్బులనూ దాని మీద పెట్టాం. బ్లేడ్ 438 గ్రాములు తూగింది, రెండోది 381. చేతిలోకి తీసుకున్నప్పుడు ఎవరూ పట్టించుకోని ఆ 57 గ్రాములు యాభయ్యో బంతి దాటాక భుజాలకు తెలుస్తాయి. ఆయన మొదటి పూట చివరి పది బంతుల్లో ఏడు ఫ్యాట్, రెండో పూట తేలిక షాఫ్ట్‌తో చివరి పదిలో నాలుగు. 7వ నంబర్‌తో గంటకు 67 మైళ్ల వేగం ఉన్న మనిషికి బరువైన స్టిఫ్ స్టీల్ అవసరం లేదు. అయితే మరీ తేలికదీ ఇవ్వలేదు. 50 గ్రాముల లోపు షాఫ్ట్‌తో పాత క్రికెట్ అలవాటు పైకొచ్చి, ఆయన చేతులు నడుమును దాటి ముందే పరుగెత్తాయి.

చివరగా లై (షాఫ్ట్ నేలతో చేసే కోణం) పరీక్ష. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత క్లబ్ ముఖం వైపు ఉండేలా పెట్టి కొట్టిస్తే గీత ముఖం మీద అచ్చు పడుతుంది. అది గ్రూవ్స్‌కు (ముఖం మీది అడ్డగీతలకు) లంబంగా ఉంటే లై సరిపోయినట్టు. ఆయన గీత పైకొన కొంచెం టో వైపుకు ఒరిగింది, అంటే క్లబ్ ఆయనకు కాస్త నిటారుగా ఉంది. సూత్రం ప్రకారం వంచాలి. కాని నిటారు లై బంతిని ఎడమకు పంపుతుంది, ఈయన బంతి కుడికి పోతుంది. పైగా పోత పోసిన 17-4 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తలలు గట్టివి, వంచబోతే విరిగే ప్రమాదం కూడా ఉంటుంది. ఒక డిగ్రీ తేడాకు ఆ సాహసం అక్కర్లేదని వదిలేశాను. పాత క్లబ్ కొనేవాళ్లు ఈ పరీక్ష కొనకముందే చేసుకోవడం మంచిది. పింగ్ ఐరన్లయితే తల మీది రంగు చుక్కే లై చెబుతుంది, నలుపు సాధారణం, ఎరుపు అంతకంటే ఫ్లాట్, నీలం అంతకంటే నిటారు.

డబ్బు ఎక్కడ పెట్టాం

నిబంధన సంచిలో 14 క్లబ్బుల దాకా ఉండొచ్చంటుంది, ఇన్ని ఉండి తీరాలని ఎక్కడా అనదు. ఆటగాడు మొదట ఒక కొత్త బాక్స్ సెట్ (క్లబ్బులన్నీ కలిపి ఒకేసారి అమ్మే సెట్) వైపు మొగ్గారు. బాక్స్ సెట్ చెడ్డదని నేననను. కొలిపించుకునే ఓపిక లేనివాళ్లకు, పాత సరుకంటే భయపడేవాళ్లకు అదే మేలు. కాని ఆ ధరలో డ్రైవర్‌కు, 3-వుడ్‌కు (డ్రైవర్ తరవాతి పొడవైన క్లబ్‌కు) కూడా వాటా ఉంటుంది, ఆ రెంటినీ ఈయన మొదటి ఆరు నెలలు సంచిలోంచి తీయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

డ్రైవర్ తల 460 సీసీ దాకా ఉంటుంది, కొత్తవాడికి అంతకంటే ధైర్యమిచ్చే క్లబ్ లేదని చెబుతారు. తల పెద్దదే, కాని దాన్ని 45 అంగుళాలు దాటిన షాఫ్ట్ చివర బిగిస్తారు, లాఫ్ట్ పది డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. లాఫ్ట్ తగ్గేకొద్దీ, ముఖం అంతే డిగ్రీలు తెరుచుకున్నా బంతి స్పిన్ అక్షం ఎక్కువగా ఒరిగి, వంపు పెరుగుతుంది. 18 డిగ్రీల 5-వుడ్, పొడవు 42 అంగుళాలు, అదే స్వింగ్‌తో అంత వంపు తేదు. ఈయన వేగానికి రెంటి మధ్య దూరం తేడా టీ (హోల్ మొదలయ్యే చోటు) దగ్గర అంత బాధపెట్టేది కూడా కాదు. టీ మీదినుంచీ, ఫెయిర్‌వే (దారి పొడవునా కత్తిరించిన గడ్డి) మీదినుంచీ ఒకే క్లబ్ పనికొస్తుందన్న మాటకు ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

కొన్నవన్నీ పాతవే. 6వ నంబర్ నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా పైన చెప్పిన మోడల్ ఐరన్లు ఐదు కలిపి 15,500 రూపాయలు. 24 డిగ్రీల హైబ్రిడ్ (ఐరన్‌కూ వుడ్‌కూ మధ్యరకం క్లబ్) 4,800. 5-వుడ్ 5,200. అడుగు వెడల్పుగా, బౌన్స్ (సోల్ ముందు అంచు కంటే కిందికి దిగే కోణం) 14 డిగ్రీలున్న 56 డిగ్రీల సాండ్ వెడ్జ్ 3,200. మ్యాలెట్ (పెద్ద తల) పట్టర్ 2,800. ఐరన్లకు కొత్త గ్రిప్పులు, బిగింపుతో కలిపి 2,750. మొత్తం 34,250. గ్రిప్పుల ఖర్చు దగ్గర ఆయన వెనకాడారు గాని, మన ఎండలకు కారు డిక్కీలో ఏళ్లతరబడి మగ్గిన రబ్బరు చెక్కలా గట్టిపడుతుంది. జారే గ్రిప్‌ను బిగించి పట్టుకున్న చేతికి మణికట్టు ఆడదు. పాత గ్రిప్పును కత్తితో చీల్చి తీసి, రెండువైపులా అంటుకునే టేపు చుట్టి, మీద కాస్త పెట్రోలు పోసి కొత్తది ఎక్కించడం ఎలాగో చూపించాను. చివరి రెండూ ఆయనే వేసుకున్నారు, ఒకటి పావంగుళం పక్కకు తిరిగింది, అలాగే ఉంచేశారు.

హైబ్రిడ్ విషయంలో చిక్కొచ్చింది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు ఫొటోలో రెగ్యులర్ షాఫ్ట్ చూపించి, స్టిఫ్ పంపారు. వెనక్కి పంపి, మార్చి తెప్పించుకోవడానికి 19 రోజులు పట్టింది. అప్పటినుంచి పాత క్లబ్ కొనేవారికి నేను చెప్పేది, షాఫ్ట్ మీది పట్టీని దగ్గరగా తీసిన ఫొటో, హోసెల్ (తలలో షాఫ్ట్ దిగే భాగం) మీది సీరియల్ నంబర్ ఫొటో, సోల్ ఫొటో మూడూ తెప్పించుకోకుండా డబ్బు పంపొద్దని. నకిలీలు కూడా తిరుగుతున్నాయి. తలకూ షాఫ్ట్‌కూ మధ్య నల్లటి ఫెర్రూల్ (ప్లాస్టిక్ ఉంగరం) దగ్గర సందు కనబడినా, అంకెల్లో పోసిన రంగు గట్టు దాటినా, సెట్‌లోని క్లబ్బుల బరువులు వరసగా పెరగకపోయినా ఆ సరుకు జోలికి పోవద్దు.

నా పొరపాటు

ఇప్పటిదాకా చెప్పినదంతా చదివితే లెక్క సరిగ్గా కుదిరినట్టే ఉంటుంది. కుదరలేదు. ఈ ఐరన్ల లాఫ్టులు బలమైనవని (డిగ్రీలు మామూలుకంటే తక్కువని) పోలిక సమయంలో అంత జాగ్రత్త పడ్డవాణ్ని, కిట్ కూర్చేటప్పుడు అదే మాట మరిచిపోయాను. పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ 45 డిగ్రీలు, సాండ్ వెడ్జ్ 56. మధ్యలో 11 డిగ్రీల ఖాళీ. పాత సెట్లలో పిచింగ్ వెడ్జ్ 48 ఉండేది కాబట్టి ఈ ఖాళీ అంతగా తెలిసేది కాదు. మన ఆటగాడు పిచింగ్ వెడ్జ్‌తో 90 గజాలు, సాండ్ వెడ్జ్‌తో 60 కొడతారు. 75 గజాల దూరం వచ్చిన ప్రతిసారీ సగం స్వింగ్ వేయాల్సి వచ్చేది. కొత్తవాడికి అన్నిటికన్నా కష్టమైన షాట్ అదే. నాలుగు రౌండ్ల స్కోరుకార్డుల మీద ఆయన రాసుకొచ్చిన గుర్తులు చూశాక గాని నాకది తట్టలేదు. 50 డిగ్రీల వెడ్జ్ ఒకటి 2,500 పెట్టి కొన్నాం. ఆయన బడ్జెట్ 1,750 రూపాయలు దాటింది. అందుకు బదులుగా ఒక పాఠం ఫీజు నేను తీసుకోలేదు.

రెండో ఇబ్బంది వేసవిలో తెలిసింది. మే నెలలో గడ్డి పలచబడి నేల రాయిలా గట్టిపడిన చోట్ల, ఇన్నాళ్లూ కాపాడిన ఆ వెడల్పాటి సోలే ఎదురు తిరిగింది. దిగబడని నేల మీద సోల్ ఎగిరి, ముందు అంచు బంతి నడుముకు తగిలి, 20 గజాల చిప్ (చిన్న షాట్) గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) దాటి అవతల పడేది. సాండ్ వెడ్జ్‌తో ఇది మరీ ఎక్కువ. అలాంటి చోట వెడ్జ్ పక్కన పెట్టి, 8వ నంబర్ ఐరన్‌తో పట్టర్‌లా తోయమన్నాను. క్లబ్ మార్చలేదు. హైదరాబాద్‌లో వానాకాలపు నేలకూ ఎండాకాలపు నేలకూ ఒకే సోల్ సరిపోవడం అసాధ్యం, ఏ కాలంలో ఎక్కువ ఆడతారో దాన్నిబట్టి ఒక వైపు మొగ్గక తప్పదు. ఈయన జూన్ తరవాత వారానికి రెండుసార్లు ఆడతారు, ఎండల్లో నెలకు ఒకసారి.

ఎనిమిది నెలల తరవాత

మొదట 74 కొట్టిన ఆ తొమ్మిది హోల్స్‌కే ఎనిమిదో నెలలో 58 కొట్టారు. ఇందులో క్లబ్బుల వాటా ఎంత, పాఠాల వాటా ఎంత అని విడదీసి చెప్పలేను. ఒక్కటి మాత్రం ఫొటోల్లో ఉంది. నెలకోసారి అదే మార్కర్, అవే ముప్పై బంతులు పెడుతున్నాం, ఎందుకంటే తప్పు కాసే క్లబ్ తప్పును దాచిపెడుతుంది కూడా. 90 గజాలు వెళ్లిన ఫ్యాట్ షాట్ ఆటగాడికి మంచి షాట్‌లాగే అనిపిస్తుంది. ఆ మచ్చలు చూపించకపోతే ఏడాది గడిచినా బంతి వెనక నేల తవ్వుతూనే ఉంటారు. చివరిసారి ముప్పైలో ఫ్యాట్ 6కు దిగింది, థిన్ 4కు. హీల్ వైపు మచ్చలు మాత్రం 9కి పెరిగాయి. పైకీ కిందికీ జరిగే తప్పు తగ్గాక పక్కల తప్పు బయటపడింది, ఇప్పుడు ఆ ఇనర్షియా పని మొదలైంది.

బ్లేడ్లను పైఅధికారికి తిరిగి ఇచ్చేద్దామా అని అడిగితే వద్దన్నాను. నెలకోసారి వాటిలోంచి 7వ నంబర్‌తో పది బంతులు కొడుతున్నారు, ఎక్కడ తగిలిందో చేతికి అంత నిక్కచ్చిగా చెప్పే క్లబ్ ఆ సంచిలో ఇంకొకటి లేదు. పోయిన నెల డ్రైవర్ సంగతి ఎత్తారు. రేంజ్‌లో అద్దెకు దొరికే 12 డిగ్రీల డ్రైవర్‌ను అంగుళంన్నర కిందికి పట్టుకుని, ముఖానికి మార్కర్ పూసి, ముప్పై బంతుల ఫొటోలు పంపమన్నాను. ఇప్పటికి పదకొండు పంపారు.